తిరుమలగిరికి తిరిగి వచ్చాక



కరీంనగరు, సిద్దిపేట వైపు నుండి రాజీవ్ రహదారి మీదుగా బస్సులో సికింద్రాబాదు వచ్చేవారు శామీర్‌పేట, హకీంపేట, అల్వాల్, లోతుకుంట దాటి తిరుమలగిరి చౌరస్తాకు చేరుతారు. మన పల్లెల నుండి జూబ్లీ బస్‌స్టేషనుకు వచ్చే విశ్వాసులలో చాలామంది ఈ ఊరిని కిటికీలో నుండి చూచి వెళ్ళిపోయేవారే. ఒక ప్రక్క సైన్యంవారి గోడలు, కావలి గేట్లు, మరొక ప్రక్క దుకాణాలు, ఆటోలు. ఇందులో దిగి చూడవలసినది ఏముంది అని అనిపిస్తుంది. అయినను ఇది దిగి చూడదగిన ఊరే. ఎందుకంటే ఇది మొదటి నుండి వచ్చిపోయేవారి ఊరు.

1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు ఏర్పడింది. బ్రిటిషు దండు ఇక్కడ స్థిరపడింది. 1857 తిరుగుబాటు తరువాతి కాలంలో వారు తిరుమలగిరిలో కందకం త్రవ్వించి, చుట్టూ గోడ కట్టి, బలమైన స్థావరం ఏర్పరచుకొన్నారు. అందులోని సైనిక జైలు కోట బురుజువంటి గోపురంతో ఉండేది గనుక దానికి ఇంగ్లాండు రాజుల విండ్సర్ కోట పేరే పెట్టి పిలిచేవారు. 1860లో ఇక్కడ ఆల్ సెయింట్స్ చర్చి వెలిసింది. ఇక్కడికి ఉత్తరాన ఉన్న బొల్లారంలో అంతకు ముందే, 1847లో, హోలీ ట్రినిటీ చర్చి కట్టారు. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణిగారు భర్తతో కూడ తమ పెండ్లిరోజున ఆ బొల్లారం చర్చికి వచ్చిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండవచ్చు.

ఈ దేవాలయాలను చూచినప్పుడు మనవారు, "ఎంత బాగా కట్టారు! అచ్చం ఇంగ్లాండులో ఉన్నట్టే ఉంది" అంటారు. నిజమే. కాని ఎందుకు అట్లా కట్టారో ఆలోచించాలి. దూరదేశంలో ఉన్న మనిషి తన ఊరిని మరచిపోలేడు. ఓడ ప్రయాణంలో వెంట తెచ్చుకోలేనిదానిని రాతితో కట్టుకొంటాడు. ఆ దండులోని సైనికులలో కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు వెళ్ళలేదు. వెళ్ళనివారి పేర్లు బొల్లారం చర్చి ప్రక్కనున్న సమాధుల రాళ్ళమీద ఉన్నాయి.

ఈ సంగతి మాకు బాగా అర్థమైనది మేమే దూరదేశంలో కాపురం ఉన్న తరువాత. మేము కుటుంబముగా మూడేండ్లు కువైటులో తెలుగు విశ్వాసుల మధ్య పరిచర్య చేసి, తిరిగి వచ్చి ఈ తిరుమలగిరిలో ఇల్లు తీసుకొన్నాము. వెళ్ళడం కష్టమని అందరూ చెప్పారు. తిరిగి రావడం కూడ ఒక కష్టమని ఎవరూ చెప్పలేదు. ఈ రోజులలో మన సంఘములలో గల్ఫు నుండి వచ్చినవారు లేని సంఘము అరుదు. అందుచేత మేము గమనించిన సంగతులను పత్రిక ద్వారా పంచుకొంటున్నాము.

కువైటులో నది లేదు. త్రాగే నీరు సముద్రపు నీటిలో నుండి ఉప్పు తీసి తయారు చేసినదే. వేసవిలో ఎండ యాభై డిగ్రీలను తాకుతుంది. జూన్ నుండి ఆగస్టు వరకు పట్టపగలు బయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. వారాంతపు సెలవు శుక్రవారము గనుక ఆరాధన కూడ ఎక్కువమందికి శుక్రవారమే. కువైటు నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో అరబీ, ఇంగ్లీషు, మలయాళం, తమిళం, తెలుగు మొదలైన అనేక భాషల సంఘములు కూడుకొంటాయి. ఒకరి సమయం అయిపోగానే మరొక భాషవారు లోపలికి రావాలి. అందుచేత ప్రసంగీకుడు గడియారం చూచుకొనక తప్పదు.

అక్కడ తెలుగువారు కూడుకొన్నప్పుడు చూడవలెను! కడప వైపువారు, కోనసీమవారు, జగిత్యాల, నిజామాబాదు వైపువారు, అందరూ ఒకే వరుసలో కూర్చుంటారు. ఇంజనీరు ప్రక్కన డ్రైవరు, నర్సు ప్రక్కన ఇంటిపని చేసే సహోదరి. ఊరిలో నీవు ఏ సంఘము, నీవు ఎవరివారు అనే ప్రశ్నకు అక్కడ తావు తక్కువ. పంటల పండుగ వస్తే పంట లేని దేశంలో కూడ దుకాణంలో కొన్న గుమ్మడికాయలు, అరటిపండ్లు బల్లముందు పెట్టి స్తోత్రము చెల్లించుకొన్నాము. తిరుమలగిరిలో ఆ సైనికులు రాళ్ళతో చేసిన పనినే మేము అక్కడ గుమ్మడికాయలతో చేశామన్నమాట.

ఇక తిరిగి వచ్చిన తరువాత కలిగిన ఆశ్చర్యములు చెబుతాము.

మొదటిది సమయము. ఇక్కడ ఆరాధన తొమ్మిదిన్నరకు అంటే రెండవ కీర్తన వరకు సగము బెంచీలు ఖాళీ. మొదటి వారాలలో మాకు ఇది మింగుడుపడలేదు. కాని ఆరాధన ముగిసిన తరువాత ఏమి జరుగుతుందో చూడండి. గంటసేపు ఎవరూ కదలరు. ఎవరి తల్లికి ఆపరేషను, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, ఎవరు రెండు వారాలుగా రాలేదు, అన్నీ చెట్టుక్రింద తెలిసిపోతాయి. కువైటులో ఆశీర్వాదము కాగానే డ్యూటీకి, బండికి పరుగెత్తేవారము. అక్కడ ప్రారంభము బాగుండేది, ఇక్కడ ముగింపు బాగుంటుంది. రెండూ నేర్చుకొంటే ఎంత మేలు!

రెండవది ప్రశ్నలు. అక్కడ మూడేండ్లు ఒకే అంతస్తులో ఉన్నా ఎదురింటివారి పేరు మాకు తెలియదు, మా పేరు వారికి తెలియదు. ఇక్కడ సామాను దించుతూ ఉండగానే ప్రక్కింటి పెద్దామె వచ్చి, "అయ్యగారూ, ఎంత జీతం ఇచ్చిండ్రు? బంగారం తెచ్చుకున్నరా? మళ్ళ ఎప్పుడు పోతరు?" అని అడిగింది. మాకు కొంచెం బాధ కలిగింది. ఆ సాయంకాలమే ఆమె గిన్నెలో పప్పుచారు, అన్నము తెచ్చి, "అమ్మగారు ఈ పూట పొయ్యి ముట్టియ్యకుండ్రి" అని పెట్టి వెళ్ళింది. అడిగిన నోరు, అన్నం పెట్టిన చేయి ఒకే మనిషివి. మన ఊళ్ళలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ప్రశ్న వద్దని తలుపు మూసుకొంటే అన్నము కూడ బయటనే ఆగిపోతుంది.

మూడవది చెప్పడానికి మనసు నొచ్చుకొంటుంది, అయినను చెప్పాలి. ఒక విశ్వాసుల ఇంటికి ప్రార్థనకు వెళ్ళాము. అందరికీ టీ ఇచ్చారు. ఆ ఇంట్లో పనిచేసే అక్కకు కూడ ఇచ్చారు గాని, ఆమె గ్లాసు వేరు, అది ఉండే చోటు కూడ వేరు, కిటికీ గట్టు మీద. మా చిన్నమ్మాయి ఇంటికి వచ్చే దారిలో, "నాన్నా, ఆ ఆంటీకి వేరే గ్లాసు ఎందుకు?" అని అడిగింది. కువైటులో ఇంటిపని చేసే సహోదరీల మధ్య, వారి చేతి వంట తింటూ, వారి ఒడిలో పెరిగిన పిల్ల అది. ఆ గ్లాసు ఇక్కడ కొత్తగా వచ్చింది కాదు, ఎన్నో ఏండ్లుగా అట్లాంటి కిటికీల మీద ఉంది. ఇక్కడే ఉంటే కండ్లు దానికి అలవాటు పడిపోతాయి. పరాయి దేశంలో తెలుగువారమందరమూ ఒక కుండలో అన్నం తిన్నాము. అదే మనుషులు సెలవుకు ఊరికి వచ్చి, పెండ్లి మాట రాగానే కులము అడుగుతారు. ప్రభువు బల్లలో ఒకే పాత్రలో పాలు పొందే మనకు ఇంట్లో రెండు గ్లాసులు ఎట్లా కుదురుతాయి? దీనిని ప్రతి కుటుంబము ప్రార్థనతో ఆలోచించవలెను.

దూరదేశం నుండి తిరిగి వచ్చినవానికి స్వదేశం కొత్తగా కనబడడం మన గల్ఫు సహోదరులకే పరిమితము కాదు. లెస్లీ న్యూబిగిన్ దొరగారి పేరు పెద్దలు విని ఉంటారు. 1936లో ఇంగ్లాండు నుండి దక్షిణ భారతదేశమునకు మిషనెరీగా వచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మొదటి బిషప్పులలో ఒకరైన దైవజనుడు. తరువాత మద్రాసు బిషప్పుగా ఉండి, 1974లో స్వదేశానికి తిరిగి వెళ్ళారు. ఆయనా భార్యా విమానము ఎక్కక, దేశములు దాటుతూ, బస్సులలో వెళ్ళారు. అంత ఓపికగా ఇల్లు చేరిన ఆయనకు అక్కడ కష్టమనిపించినది చలి కాదు, తిండి కాదు. మద్రాసు మురికివాడలలో, ఏమీ లేనివారిలో కూడ రేపు బాగుంటుందన్న నిరీక్షణ ఆయన చూచారు. అన్నీ ఉన్న తన దేశంలో అది కనబడలేదని ఆయన వ్రాశారు. తిరిగి వచ్చినవాని కన్నుకు ఇట్లాంటి చూపు వస్తుంది. దానిని గొణుగుడుగా వాడుకోవచ్చు, సంఘమునకు మేలుగా కూడ వాడుకోవచ్చు. న్యూబిగిన్‌గారు తన దేశమును నిందించి ఊరుకొనక, దానినే సువార్త అవసరమైన పొలముగా ఎంచి చివరివరకు పనిచేశారు.

ఇప్పుడు ఒక సహోదరి సంగతి. కోనసీమ నుండి వెళ్ళి, కువైటులో ఒక ఇంట్లో ఆరేండ్లు పనిచేసింది. ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో అక్కడ చట్టము చేశారు గాని, ఆమెకు ఆరాధనకు రావడం నెలకొకసారి కుదిరితే గొప్ప. పనంతా ముగిసి ఫోను పట్టుకొనేసరికి రాత్రి పది. అక్కడికీ మనకూ రెండున్నర గంటల తేడా. ఊరిలో అప్పటికి పన్నెండున్నర, పిల్ల నిద్రపోయేది. రెండేండ్ల వయసులో విడిచి వెళ్ళిన ఆ పిల్లకు ఇప్పుడు ఎనిమిదేండ్లు. అమ్మమ్మను "అమ్మా" అంటుంది. కన్నతల్లిని "కువైటమ్మ" అంటుంది.

ఇక్కడి లాల్‌బజారులో ఉన్న తమ్ముని ఇంటికి వచ్చినప్పుడు ఆ సహోదరి మా ఇంటికీ వచ్చింది. పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది, అప్పు తీరింది అని చెప్పింది. కొంతసేపు మాట్లాడకుండా కూర్చుని, "అయ్యగారూ, అక్కడ ఉన్నంతకాలం ఎప్పుడొస్తావని అడిగేవారండి. ఇప్పుడు అందరూ ఎప్పుడు వెళ్తావని అడుగుతున్నారండి" అన్నది. ఆ ఊరి సంఘములో ఆమె చేత ఒక ఆదివారము సాక్ష్యము చెప్పించారట. ప్రహరీ గోడకు కానుక వ్రాయించారట. రాత్రులు నిద్ర పడుతున్నదా అని మాత్రము ఎవరూ అడగలేదట.

ఆమె వెళ్ళిన తరువాత మేము రూతు గ్రంథము తీసి చదువుకొన్నాము. ఆ గ్రంథమును మనము కోడలి కథగా చెప్పుకొంటాము గాని, అది తిరిగి వచ్చిన అత్త కథ కూడ. కరవు వలన మోయాబుకు వెళ్ళిన నయోమి, పదేండ్లంత కాలము గడిపి, భర్తను, ఇద్దరు కుమారులను అక్కడనే పాతిపెట్టి బేత్లెహేముకు వచ్చింది. ఊరంతా కదిలింది. ఈమె ఆమెయేనా అని స్త్రీలు ఆశ్చర్యపడ్డారు. మధురమైన తన పేరు తనకు తగదని, చేదు అనే అర్థము గల పేరుతో పిలువమని ఆమె వారిని కోరింది. గమనించండి, ఊరు ఆమెను ఆ చేదు పేరుతో పిలువలేదు. కోత కాలము వచ్చింది, పొలములో పరిగె దొరికింది, బంధువు ఆదుకొన్నాడు. చివరి అధ్యాయములో అదే ఇరుగుపొరుగు స్త్రీలు పసిబిడ్డను చూచి, నయోమికి కుమారుడు పుట్టాడని సంతోషించి, ఆ బిడ్డకు తామే పేరు పెట్టారు. మొదట ప్రశ్న అడిగిన ఊరే చివరకు ఆమెను చేర్చుకొన్నది. అయితే ఒక్క రోజులో కాదు.

కాబట్టి సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి సహోదరీలకు మా మనవి. దేశం నుండి వచ్చినవారిని మొదటి ఆదివారమే వేదిక ఎక్కించకండి. ముందు ప్రక్కన కూర్చోబెట్టుకొనండి. వారి పెట్టెలో ఏమున్నదో అడుగకముందు వారి ఆరోగ్యము అడగండి. తల్లీబిడ్డలు ఒకరినొకరు మరల ఎరుగునంతవరకు ఆ అమ్మమ్మకు, ఆ తల్లికి, ఆ బిడ్డకు తోడుగా ఉండండి. ఇక ఇక్కడ పని చేసుకొని బ్రతుకుతానని ఎవరైనా అంటే, తక్కువచూపు చూడక, ఆ పని వెదకుటలో సహాయపడండి. తిరిగి వచ్చిన సహోదర సహోదరీలారా, మీకూ ఒక మాట. అక్కడ అట్లా, ఇక్కడ ఇట్లా అని ప్రతిదానికి గొణగకండి. అక్కడ మీరు నేర్చుకొన్న సమయపాలన, ఒకే కుండ అన్నము మీ ఊరి సంఘమునకు మీరు తెచ్చిన నిజమైన కానుకలు. వాటిని మీ ఇంట మొదలుపెట్టండి.

తిరుమలగిరి దండులో ఇప్పుడు మన దేశపు సైనిక కుటుంబములు ఉన్నాయి. కొన్నేండ్లకొకసారి వారు బదిలీ అవుతారు, వేరేవారు వస్తారు. మన చర్చిలో కూడ ప్రతి ఏడు కొత్త ముఖాలు కనబడతాయి. అందుచేత ఇక్కడి విశ్వాసులకు ఒక మంచి అలవాటు ఉంది. బెంచీలో ఎవరు వచ్చి నిలిచినా కొంచెం జరిగి చోటు ఇస్తారు, ఎక్కడి నుండి వచ్చారని తరువాత అడుగుతారు. మన పల్లె సంఘములలో కూడ అట్లా కొంచెం జరిగి కూర్చుందుము. వెళ్ళినవారిని కాపాడి తిరిగి తెచ్చిన దేవుడు, వచ్చినవారిని చేర్చుకొను మనసును మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.