గోదావరి ఇసుకలో వేడి నీరు

సాహస యాత్ర అనగానే మనవారి దృష్టి న్యూజిలాండ్ వైపు మళ్లుతుంది. కాళ్లకు తాడు కట్టుకొని వంతెన మీది నుంచి దూకే బంగీ క్రీడ 1988లో వ్యాపారంగా మొదలైనది అక్కడి కవరావు వంతెన మీదనే. రోటోరువాలో నేల పగుళ్ల నుంచి ఆవిరి పొగలు కక్కుతుంది. మావోరీలు ఆ వేడితోనే వంట చేసుకుంటారు. ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు పంపిన ఫోటోలు చూపుతూ నా మిత్రుడు, “ఇలాంటివి మనకెక్కడ దొరుకుతాయి భాయ్?” అని నిట్టూర్చాడు. గోదావరి కాలువ నీరు తాగి పెరిగిన యాభై ఏళ్ల మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. డిసెంబరు నెలలో భుజానికి చెరొక సంచి తగిలించుకొని రాజమండ్రి నుంచి బయలుదేరాము.

మొదటి మజిలీ పాపికొండలు. దేవీపట్నం మండలంలోని గండి పోచమ్మ రేవులో బోటు ఎక్కాలి. ఎక్కేటప్పుడు మిత్రుని ముఖం పాలిపోయింది. డెల్టాలో పుట్టినా అతనికి ఈత రాదు. పైగా కచ్చులూరు ఆ దారిలోనే ఉన్నది. 2019 సెప్టెంబరు 15న వరద ఉద్ధృతిలో 77 మందితో వెళ్తున్న బోటు అక్కడ మునిగిపోయింది. బతికి బయటపడినవారు 26 మంది. నాటు పడవలతో ఎదురెళ్లి వారిని ఒడ్డుకు చేర్చినది అక్కడి గిరిజనులు. నది అడుగునుంచి ఆ బోటును వెలికితీసేసరికి అక్టోబరు 22 వచ్చింది.

కొండలు దగ్గరపడ్డాయి, నది ఇరుకైంది, ఎండ పెరిగింది. మా ఎదుట కూర్చున్న ఒక తండ్రి, ఉక్కగా ఉన్నదని ఏడుస్తున్న పసివాని లైఫ్ జాకెట్ విప్పబోయాడు. ఎవరితోనూ అంతగా కలవని నా మిత్రుడు లేచి వెళ్లి అతని చేయి పట్టుకున్నాడు. “వద్దు నాయనా. ఒంటెను కట్టివేసి ఆ తరువాత దేవునిపై భారం వెయ్యమన్నారు మా ప్రవక్త (స). ఇది ఆ తాడు అనుకో,” అన్నాడు. ఆ తండ్రి నవ్వి బకిల్ మళ్లీ బిగించాడు. పసివాడు మాత్రం పేరంటాలపల్లి దాకా ఏడుస్తూనే ఉన్నాడు. అక్కడ ఇసుక మీద జుహర్ నమాజును ప్రయాణికులుగా రెండు రకాతులు చదువుకున్నాము. పోలవరం ముంపు కారణంగా ఖాళీ అయిన ఊళ్లు దారి పొడవునా కనిపించాయి. వాటిని చూస్తున్నంతసేపూ బోటులో పాటల హోరు ఆగలేదు, ఆపమని అడగాలనిపించింది.

రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేసరికి చలి మొదలైంది. అక్కడి ప్రసిద్ధ వంటకం బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద పెడతారు. చుక్క నూనె వెయ్యరు. హలాల్ సంగతి ఎలా? దుకాణం నడుపుతున్న గిరిజన మహిళకు మా ఇబ్బంది చెప్పాము. ఆమె క్షణమైనా ఆలోచించకుండా నాటుకోడినీ కత్తినీ తెచ్చి, “మీరే కోసుకోండి బాబూ,” అన్నది. మిత్రుడు బిస్మిల్లాహ్ చెప్పి జబహ్ చేశాడు. గంటసేపు కాచుకొని తిన్న ఆ కోడి రుచి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

మరునాడు ఘాట్ రోడ్డు మలుపులు దాటి, చింతూరు మీదుగా భద్రాచలం చేరాము. ఆ సమీపంలోనే గోదావరి ఒడ్డున గుండాల ఉన్నది. ఫజ్ర్ వేళకు అక్కడికి వెళ్లాము. నది తగ్గిన కాలంలో అక్కడ ఇసుకను తవ్వితే వేడి నీరు ఊరుతుంది. కొబ్బరి చిప్పతో మూరెడు గుంట తీశాము. మొదట చెమ్మ, ఆ తరువాత గోరువెచ్చని ఊట. పక్కనే పారుతున్న నది నీరు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నది. మిత్రుడు ఆ గుంట నీటితో వుజూ చేస్తూ, రెండవసారి ముఖం కడుక్కోబోయి ఆగిపోయాడు. కళ్లు చెమర్చాయి. ఏమని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇక్కడ అగ్నిపర్వతాలేవీ లేవు. గోదావరి లోయ భూమి పొరలు చీలి కుంగినందువల్ల ఏర్పడినది. వాన నీరు ఆ చీలికల గుండా లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, మళ్లీ పైకి వస్తుంది. సింగరేణి బొగ్గు నిక్షేపాలు దాగి ఉన్నదీ ఈ లోయలోనే. మణుగూరు దగ్గరి పగిడేరులో బొగ్గు కోసం బోరు వేస్తే వేడి నీరు ఉబికి వచ్చింది. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ నీటి వేడితో, తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరిగే మరొక ద్రవాన్ని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. న్యూజిలాండ్‌వారు వైరాకేలో 1958 నుంచే భూగర్భ ఆవిరితో విద్యుత్తు తీస్తున్నారు. వారి ముందు మనది చిన్న దీపమే. కానీ, బొగ్గు తవ్వే సంస్థే ఆ దీపాన్ని వెలిగించడం నాకు ముచ్చటగా తోచింది.

వెళ్లదలచినవారు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వరద కాలంలో గుండాల ఊటలు నీటి అడుగున ఉంటాయి. చిన్న పిల్లలుంటే, గుంటలోని నీటి వేడిని ముందు మీ వేలితో చూసుకోండి. బోటులో మీ పిల్లల కొలతకు సరిపోయే జాకెట్ లేదంటే, ఆ పూట ప్రయాణం మానుకోండి.