రొట్టెల పొయ్యి కాడ టీచర్

"టీచర్! నువ్వు ఈడున్నవా?"

పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే ఓ పిల్ల గొంతు. బాలామృతం నోట్లో పెడితే ఉమ్మేసే మా అంగన్‌వాడీ చిన్నది! ఇప్పుడు రెండు జడలు, వీపున బడి బ్యాగు.

సాయంత్రమైతే కరీంనగర్‌ల రోడ్ల పొంటి రొట్టెల పొయ్యిలే. అందులో ఒకటి నాది.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975ల మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ టీచర్‌కు వచ్చేది గౌరవ వేతనమే. ఇంటి ఖర్చులు పెరిగినయి, అది సరిపోక ఆ పని మానేసిన. పిల్లలను విడిచి వస్తుంటే మస్తు ఏడ్చిన.

వేడినీళ్లతో పిండి పిసికి, అరచేత్తో తట్టుడు మా అత్తమ్మ నేర్పింది. అంచు పగలకుండ రొట్టె గుండ్రంగ వస్తే ఎంత సంబురమో! ఈ పని ఇంత నచ్చుతదని అస్సలు అనుకోలే.

చిన్నపిల్లల పని విడిచి ఇంకో పనిల పడ్డోళ్లు మీలో ఉన్నరా? ఏం చేస్తున్నరు? చెప్పుండ్రి, వినాలనుంది.