కర్ణవేధము

పొలముగట్టున కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన దానిని గాయమందుము. పసిబిడ్డ చెవితమ్మెలో బంగారుతీగ గ్రుచ్చి, ఆ బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండగా పేరంటాండ్రకు పసుపుకుంకుమలు పంచిపెట్టి, దానిని శుభకార్యమందుము. నొప్పి రెండింటను నొప్పియే. నెత్తురు రెండింటను నెత్తురే. మఱి గాయమును సంస్కారముగా మార్చునది యేది? శాస్త్రమా, ఆచారమా, లేక మనుష్యుని మనస్సా? దీనినిగూర్చి కొంచెము విచారింతము.

మా ఆత్రేయపురము పూతరేకులకు పేరుగన్న యూరు. కాగిన కుండను బోర్లించి, దానిమీదినుండి పలుచని బియ్యపురేకును చినుగకుండ నొలుచు నేర్పు ఇచ్చటి స్త్రీల చేతులలో నున్నది. చెవులు కుట్టు కంసాలికిని అంతటి సున్నితమైన చేయియే కావలయును. శిశువు మేనమామ యొడిలో కూర్చుండును. కంసాలి రెండు తమ్మెలను సరిచూచి చుక్కలు పెట్టి, సన్నని తీగను గ్రుచ్చి, మెలిపెట్టి విడుచును. పిదప కొబ్బరినూనెయు పసుపును రాతురు. కలవారికి బంగారుపోగులు, లేనివారికి రంధ్రము పూడకుండ వేపపుల్ల. కలిమిలేములు బిడ్డ దేహముపై మొదట కనబడుచోటు చెవియే యని మాకు తోచును.

ఇది ధర్మశాస్త్రము లన్నిటను విధింపబడినదని పలువురి నమ్మకము. కాని గౌతమధర్మసూత్రము లెక్కించిన 40 సంస్కారములలో కర్ణవేధము కానరాదు. వ్యాసస్మృతి చెప్పిన 16 సంస్కారములలో కలదు. దీనిని విపులముగా వివరించినవాడు స్మృతికారుడు కాడు, వైద్యుడు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 16వ అధ్యాయము దీనికై యేర్పడినది. ఆఱవనెలనో యేడవనెలనో, శుక్లపక్షమున, బిడ్డను దాదియొడిలో నుంచి ఆటబొమ్మలతో లాలించుచు, సూర్యకాంతి చొచ్చి కనబడు పలుచని తావును గుర్తించి నిదానముగా గ్రుచ్చవలయునని యందు చెప్పబడినది. మగశిశువునకు కుడిచెవి ముందు, ఆడుశిశువునకు ఎడమచెవి ముందు. నెత్తురు మిక్కిలి కాఱినను, నొప్పి హెచ్చినను, గ్రుచ్చినచోటు తప్పని యెఱుగవలయును. పిదప దూదివత్తి పెట్టి నూనెతో తడుపవలయును. ఆ యధ్యాయముననే చినిగిన చెవిని కలుపు విధములును, తెగిన ముక్కును చెక్కిలి చర్మముతో మరల నిర్మించు పద్ధతియు నున్నవి. గ్రుచ్చుట నేర్పినవాడే చక్కదిద్దుటయు నేర్పెను. ఇందువలన కలుగు ప్రయోజనములు రక్షణము, అలంకారము అని రెండే చెప్పెను.

మా గోదావరిసీమలో గ్రుచ్చుట యింకొకటి కలదు. పెక్కు కుటుంబములలో పెండ్లికి ముందు వీరభద్రుని సంబరము జరుగును. శరభ శరభ యను కేకల నడుమ, వీరణపు మ్రోతలో, భక్తుడు నాలుకలోనో చెక్కిళ్లలోనో నారసమును దూర్చుకొనును. నారాచమను సంస్కృతపదమే మనకు నారసమైనది, ఇనుపబాణమని యర్థము. ద్రాక్షారామపు వీరనాట్యమునందును పళ్లెము, ప్రభ గడచిన పిదప కడపట వచ్చునవి నారసములే. శ్రీశైలమున అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపమున భక్తులు నాలుకలను, శిరస్సులను కోసి యర్పించుచుండిరి. ఆ యుగముతో పోల్చినచో నారసము సౌమ్యమైనదే.

చదువుకొన్న మనవారు నారసమును జూచి మోటుతన మందురు. తమ బిడ్డ చెవికుట్టు పండుగకు మాత్రము శుభలేఖలు పంచుదురు. నారసము పట్టువాడు వయసు వచ్చినవాడు, తనంత తాను మ్రొక్కుకొన్నవాడు. వంశాచారపు టొత్తిడి యతనిపై నుండవచ్చును; అయినను కాదనుటకు నోరున్నవాడు. ఉయ్యాలలోని బిడ్డ యెవ్వరికిని మ్రొక్కలేదు. కావున మోటుతనమును సూది లావునుబట్టి నిర్ణయింపరాదు. ఎవరి సమ్మతితో, ఎంతటి శ్రద్ధతో గ్రుచ్చితిమను దానినిబట్టి నిర్ణయింపవలయును.

గడచిన వేసవిలో మా తమ్ముని కుమార్తెకు, పండ్రెండేండ్ల పిల్లకు, ముక్కు కుట్టింపవలెనని మా తల్లిగారు ముహూర్తము పెట్టించిరి. తమ ముక్కుపుడకను మెఱుగుపెట్టించి సిద్ధపఱచిరి. పిల్ల వారిచెంత కూర్చుండి, "నాయనమ్మా, చెవులు కుట్టించినప్పుడు నాకు మాటలు రావు. ఇప్పుడు వచ్చు గదా, నన్నొక్కమాట అడగరాదూ?" అనెను. "అడిగాననుకో, ఏమంటావే?" అనిరి వారు. "ఇప్పుడొద్దు. కావాలనిపించిననాడు నేనే వచ్చి చెబుతాను." మా తల్లిగారు చాలసేపు మాటలాడలేదు. తొమ్మిదవయేట తమ ముక్కు చీముపట్టి పదునైదు దినములు అన్నము నమలలేకపోయిన సంగతిని, మాకెన్నడును చెప్పనిదానిని, ఆనాడు చెప్పిరి. పుడక మరల పెట్టెలోనికి పోయెను. బంధువులు గొణిగిరి, ఇంకను గొణుగుచున్నారు.

వారు శాస్త్రమును చూపినప్పుడు మేము మగపిల్లలను చూపితిమి. సుశ్రుతుడు మగశిశువునకును చెవులు కుట్టుమనెను. మా తాతలనాటి పురుషుల చెవులకు పోగులుండెను. నేడు బడికి పోవు మగపిల్లలలో పెక్కండ్ర చెవులు బోడిగానే యున్నవి, ఎవ్వరును ధర్మలోప మనుటలేదు. మగవాని విషయమున కాలమునుబట్టి సడలిన విధి ఆడపిల్ల విషయమున మాత్రమేల సడలరాదు?

గాయము మానుకొనిన పండుగయు పోవునని భయపడువారు విజయనగరపు సిడిమానును జూడవలయును. వీపున కొక్కెములు గ్రుచ్చి మనుష్యుని వ్రేలాడదీయు సిడియాచారమును వంగదేశమున 1865లోను, మదరాసు రాజధానిలో 1894లోను ప్రభుత్వము నిలిపివేసెను. నేడు పైడితల్లి పూజారి మానుకొనను ఆసనముపై కూర్చుండి యూరేగును. కొక్కెము లేదు, జనసందోహము తగ్గలేదు.

కావున మా మనవి యిది. చంటిబిడ్డకు చెవులు కుట్టింపదలచువారు ఆఱు, పది, పదునాలుగు వారములకు వేయించు టీకాలు పూర్తియైన పిదపనే కుట్టింపుడు. వానిలో ధనుర్వాతమునకు రక్షణ కలదు. సుశ్రుతుని యాఱవనెల దీనికి చక్కగా సరిపడును. శుద్ధిచేసిన క్రొత్తసూదితో, తమ్మెయందే కుట్టింపుడు. చెవి పైభాగపు మెత్తని యెముకకు నెత్తురు చాలినంత పాఱదు గనుక, అచ్చట చీముపట్టిన చెవి రూపమే చెడును. దుకాణములలోని కుట్టుతుపాకిని పూర్తిగా శుద్ధిచేయుట సాధ్యము కాదు. నికెలు కలిసిన లోహము కొందఱికి దురదయు పుండ్లును కలిగించును. సంబరములలో ఒకరు పట్టిన నారసమును వేఱొకరు పట్టరాదు. కామెర్లు కలిగించు హెపటైటిస్-బియు, ఎయిడ్సును నెత్తురుద్వారా సంక్రమించును.

మేనమామ యొడియు, పసుపుకుంకుమలును, వీరణపు మ్రోతయు నుండవచ్చును. తొలగవలసినది అశ్రద్ధయు, అడుగకపోవుటయు. మాటలు రాని బిడ్డకు పెద్దలు కావలివారు. మాటలు వచ్చిన పిదప ఆ దేహమును గూర్చి తుదిమాట ఆ బిడ్డదే.