మన కొలత 23

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా తెలుగువాళ్లం నలుగురం కలిస్తే వీసాలు, పిల్లల చదువుల తరవాత మాటలు షుగర్ మీదికే మళ్లుతాయి. నలభై దాటినవాళ్ల సంగతి సరే, ముప్పై అయిదు నిండనివాళ్లు కూడా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. నాకు తెలిసినవాళ్లలో లావుగా ఉన్నవాళ్లు తక్కువే. మా వీధిలో ఉండే గుంటూరు మిత్రుడిది అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు, 148 పౌండ్ల బరువు. మన లెక్కలో 67 కిలోలు. ఏటా చేయించుకునే పరీక్షలో బరువు మామూలుగానే ఉందని చెబుతూ వచ్చారు. తీరా షుగర్ బయటపడేసరికి, రక్తంలో సగటు చక్కెరను చెప్పే ఏ1సీ 8 దాటిపోయింది. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఇక్కడ అందరికీ వాడే పట్టికలో, ఎత్తునీ బరువునీ బట్టి లెక్కగట్టే బీఎంఐ 25కి చేరితేనే అధిక బరువు. ఆయన ఎత్తుకి 25 అంటే సుమారు 155 పౌండ్లు. కానీ ఆసియా మూలాలున్నవాళ్లకు 23 దగ్గరే షుగర్ పరీక్ష గురించి ఆలోచించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. అంటే దాదాపు 142 పౌండ్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్లు మనలో ఎంతమందో! అద్దంలో బాగానే కనిపిస్తారు, డాక్టర్లు మాత్రం పరీక్ష రాయరు.

మనకెందుకీ వేరే అంకె? పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వేశారు. అందులో ఆయనా, లండన్ డాక్టర్ జాన్ యుడ్‌కినూ పక్కపక్కన ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఒంటి తీరు అది. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు పొట్ట లోపల, కాలేయంలో చేరి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు.

అందుకే నేను తూకం కన్నా టేపునే ఎక్కువ నమ్ముతాను. మన మగవాళ్లకు నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. అంగుళాల్లో 35, 31న్నర. ఇక్కడి మామూలు పట్టికలో ఆ హద్దులు 40, 35. ప్యాంటు సైజు చూసి ధైర్యపడకండి. పొట్ట కిందికి జార్చి కట్టుకునే ప్యాంటు 32 ఉన్నా, బొడ్డు మీదుగా టేపు పెడితే 37 చూపించవచ్చు.

ఇక తిండి. శనివారం సాయంత్రం ఏ పుట్టినరోజుకి వెళ్లినా వరసగా అల్యూమినియం ట్రేలు. పులిహోర, బిర్యానీ, బగారా అన్నం, పెరుగన్నం. ఒకే పూటకు నాలుగు రకాల అన్నాలు! పేపర్ ప్లేటులో పెద్ద గది అన్నానికి, చిన్న గదులు కూరకీ పప్పుకీ. మా ఇంట్లో దాన్ని తిరగేశాం. పెద్ద గదిలో బీరకాయో బెండకాయో, ఒక చిన్న గదిలో గట్టి పప్పు లేదా కోడిగుడ్డు కూర, మిగిలినదాంట్లో అన్నం. ముందు కూర తిని, తరవాత అన్నం కలుపుకుంటాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలూ ఇదే దారిలో ఉన్నాయి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంటుంది. మనలో చాలామంది కంచంలో అంతకు మించే ఉంటుంది.

అన్నం పూర్తిగా మానేసే డైట్ల మీద నాకు నమ్మకం లేదు. నెలా రెణ్ణెల్లు బిగబట్టి, ఆవకాయ జాడీ తెరిచిన రోజున వదిలేస్తారు. పెసరట్టు, శనగల తాలింపు, గోంగూర పప్పు ఉన్న వంటిల్లు మనది. టెక్సాస్ ఎండకు గోంగూర పెరట్లో ఏపుగా పెరుగుతుంది కూడా. కొసరి కొసరి వడ్డించే అమ్మలకు మాత్రం ఒక మాట చెప్పాలి: రెండోసారి కూర వడ్డించమ్మా, అన్నం వద్దు.

ఈ ఊళ్లో పాల ప్యాకెట్‌కీ కారే. అందుకని రాత్రి భోజనం కాగానే ఇంటిల్లిపాదీ పావుగంట నడవడం మంచిది. కండరాలు కదిలితే రక్తంలో చక్కెరను వాడుకుంటాయి. వారంలో రెండు రోజులైనా బరువులెత్తితే ఆ కండ మిగులుతుంది, పెరుగుతుంది.

ఈసారి వార్షిక పరీక్షకు వెళ్లినప్పుడు ఏ1సీ రాయమని నోరు తెరిచి అడగండి. సన్నగానే ఉన్నారుగా అని డాక్టర్ అంటే 23 సంగతి, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే ఆ సంగతీ చెప్పండి. ఫలితం 5.7 నుంచి 6.4 మధ్య వస్తే అది షుగర్‌కు ముందు దశ. ఆ దశలో తిండి, నడక మార్చుకుని వెనక్కి వచ్చినవాళ్లున్నారు. మీతోపాటు మీ జీవితభాగస్వామికీ ఆ పరీక్ష చేయించండి.