బండకు జ్వరమొస్తే...

సాయంత్రం దీపం పెట్టే వేళ. గోడ మీంచి జారిన బల్లి అవ్వ భుజం మీద టప్పున పడింది. అంతే! గబగబా తలకు నీళ్లు పోసుకుంది. పంచాంగం తెప్పించి కుడి భుజానికి ఏం ఫలమో చదివించుకుంది. అంతా అయ్యాక మనవరాలిని పిలిచి మెల్లగా అడిగింది.

'ఏం పాపా, అది అంత సల్లగా ఉండాదేమే? దానికి ఒంట్లో నెత్తురుండదా?'

బళ్లో చదువుకునే ఆ పిల్లకు అప్పుడు జవాబు తెలియలేదు. పదేళ్లు గడిచాయి. ఇప్పుడామె తిరుపతి కొండల్లో బల్లుల మీద పరిశోధన చేస్తోంది. అవ్వ ప్రశ్ననే ఇంకా వెతుకుతోంది!

బల్లి నెత్తురు చల్లనిదేం కాదు. మన ఒంట్లో రాత్రీ పగలూ ఓ పొయ్యి మండుతుంటుంది. తిన్న తిండిలో చాలా భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలపడానికే ఖర్చయిపోతుంది. బల్లికి ఆ పొయ్యి లేదు. కాబట్టే నాలుగు పురుగులతో రోజు గడిపేస్తుంది. గది ఎంత వేడిగా ఉంటే తనూ అంతే. మన చర్మం గదికన్నా వెచ్చన గనుక అది మీద పడితే చల్లగా తగులుతుంది. ట్యూబ్‌లైటు పక్కన కాపు వేసేది పురుగుల కోసమే. కానీ ఆ గోడే దాని ఒంటికి వేడినీ ఇస్తుంది.

ఇంట్లో బల్లి సంగతి సరే... మరి అడవిలో బల్లికి?

కొండమీది బంగారం

తిరుమలకు వెళ్లినవాళ్లలో చాలామంది అటునుంచి అటే కంచికి వెళ్తారు. వరదరాజస్వామి గుడి కప్పు మీదున్న బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకితే బల్లిపాటు దోషం పోతుందని నమ్మకం. అయితే ప్రాణమున్న బంగారు బల్లి తిరుమల కొండల్లోనే ఉందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ 1870లో దీని గురించి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దాని జాడ నమోదు కాలేదు. 1980ల మధ్యలో ఇక్కడే మళ్లీ కనిపించింది. దాని ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. రెండోది శ్రీలంకలో ఉంటుంది.

పెద్ద మగబల్లికి ఒళ్లంతా పసుపు పూసినట్టుంటుంది. పగలు బండల సందుల్లో, గుహల్లో, వాగు పక్కన నీడలో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. గుడ్లను బండకే అతికిస్తుంది. ఒకే బండకు చాలా బల్లులు గుడ్లు పెడతాయి. పిల్లలు వెళ్లిపోయినా గుడ్ల తెల్లటి గుర్తులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. పురిటి గది గోడ మీద ముగ్గులు వేసినట్టుగా!

ఓసారి అవ్వ మనవరాలి సంచిలో తుపాకీలాంటి థర్మామీటర్‌ని చూసింది. 'ఇది కరోనాలో నుదుటికాడ పెట్నారు కదే!' అంది. ఔను, అదే. బల్లిని పట్టుకోకుండా దూరం నుంచే వేడి చూడొచ్చు. ఆమె బల్లికన్నా ఎక్కువగా బండనే కొలుస్తుంది. సందు అంచు ఎంత వేడి, మూర లోపల ఎంత, నీడ తప్పిన చోట ఎంత... పిల్లకు జ్వరమొస్తే తల్లి నుదురు పట్టి చూస్తుంది. బల్లికి జ్వరం చూడాలంటే పట్టాల్సింది బండ నుదురే!

రాత్రి తిరిగే బల్లికి ఎండ కాగే వీలు లేదు. అందుకని పగటి పూట దాక్కునే చోటునే జాగ్రత్తగా ఎంచుకుంటుంది. చలిగా ఉంటే ఎండ తగిలిన రాతికి పొట్ట ఆనిస్తుంది. వేడెక్కితే లోపలికి జరుగుతుంది. తిన్నది అరగడం, పురుగు వెంట ఉరకడం, గుడ్డులో పిల్ల ఎదగడం అన్నీ ఆ నాలుగడుగుల సందు మీదే ఆధారపడతాయి. కొన్ని జాతుల్లో పుట్టేది ఆడో మగో కూడా గుడ్డున్న చోటి వేడే తేలుస్తుంది. లెపర్డ్ గెకో గుడ్లు 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవే. 32-33 డిగ్రీల దగ్గరైతే ఎక్కువగా మగవి.

ఇంక ఎక్కడికి?

పొలం గట్టు మీది తొండ ఎండ ఎక్కువైతే నీడకు పరిగెడుతుంది. మరి పుట్టిందే నీడలో అయిన బల్లి? ఆ నీడే వేడెక్కితే ఎక్కడికి పరిగెత్తాలి? ఉష్ణమండల అడవి బల్లులకు పొంచి ఉన్న ముప్పు ఇదేనని రేమండ్ హ్యూయీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2009లో హెచ్చరించారు. వేడి తట్టుకునే బయటి బల్లులు అడవిలోకి చొరబడి తిండికి పోటీ పడతాయనీ చెప్పారు.

శేషాచలం 2010లో జీవావరణ రిజర్వు అయ్యింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం బంగారు బల్లిని కాపాడుతోంది. కానీ చట్టం బల్లిని పట్టుకోవద్దని చెప్పగలదు గానీ బండను చల్లబరచలేదు కదా! ఆ పని చెట్టుది, వాగుది. 2014 మార్చిలో ఈ కొండలు తగలబడితే మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అలాంటప్పుడు కాలిన చెట్లు అందరికీ కనిపిస్తాయి. నీడ పోయిన బండ ఎవరికీ కనిపించదు.

మొన్న మనవరాలు అవ్వను కంచికి తీసుకెళ్లింది. అవ్వ మెట్లెక్కి బంగారు బల్లిని తాకి కళ్లకద్దుకుంది. బస్సులో తిరిగి వస్తూ అడిగింది.

'మీ కొండమీది దాన్ని ముట్టుకుంటే గూడా దోసం పోతాదా పాపా?'

'దాన్ని ముట్టుకోకూడదవ్వా. మన చెయ్యి వేడి దానికి.'

అవ్వ చాలాసేపు కిటికీలోంచి కొండల వైపే చూస్తూ కూర్చుంది. తిరుపతి దగ్గర పడుతుండగా అంది.

'అట్లయితే ఆ బండ పక్కన చెట్టుని ఎవురూ కొట్టకుండా చూసుకోండే. దానికి అదే కదా ఇల్లు, అదే కదా ఒళ్లు!'