గుణదల నుంచి బందరు దాకా

విజయవాడలో చదువుకు ఆనవాలు హోర్డింగు. బెంజి సర్కిల్ నుంచి ఏ రోడ్డు పట్టుకున్నా ఫలితాల కాలంలో పాస్‌పోర్టు ఫోటోలు వరసలు కట్టి కనపడతాయి, ప్రతి మొహం కిందా ఒక అంకె. 1986లో శ్రీచైతన్య ఈ ఊళ్లోనే ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైంది. ఇంటర్ పాఠాలు, హాస్టల్, ఎంట్రన్సు శిక్షణ మూడూ ఒకేచోట నడిచే పద్ధతి ఆ తర్వాత తెలుగునాడంతా పాకింది. అలాంటి ఊళ్లో, గుణదల కొండకు దగ్గర్లో, దాదాపు వంద ఎకరాల ఆవరణలో ఆంధ్ర లొయోలా కళాశాల ఉంది. క్రైస్తవ విద్యాసంస్థల్లో చదువూ విద్యార్థి జీవితమూ ఎలా సాగుతున్నాయో చూద్దామని ముందు అక్కడికి, తర్వాత ఆడపిల్లల కాలేజీ మారిస్ స్టెల్లాకు, చివరికి బందరు నోబుల్ కాలేజీకి వెళ్లాను. చూసినదాన్నీ, ఈ సంస్థల చరిత్రనూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తేలింది ఒకటే. కాలేజీ గొప్పతనాన్ని ఫస్టు వచ్చిన విద్యార్థితో కొలిస్తే సగమే తెలుస్తుంది. వెనక బెంచీలో బితుకుబితుకుమంటూ చేరినవాడు మూడేళ్లలో ఎంత ముందుకు జరిగాడో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ కొలతకు డెల్టా క్రైస్తవ కళాశాలలు కొన్నిచోట్ల నిలబడ్డాయి, కొన్నిచోట్ల తప్పాయి.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. కృష్ణా డెల్టాలో క్రైస్తవ విశ్వవిద్యాలయం లేదు, ఉన్నవి కళాశాలలే. లొయోలాను జెస్యూట్ ఫాదర్లు 1953లో, అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే స్థాపించారు. పట్టా ఇచ్చేది మొదట్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. అదీ 1926లో ఈ బెజవాడలోనే పుట్టి తర్వాత వాల్తేరు వెళ్లింది. 1976లో నాగార్జున, 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాయి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ కాబట్టి లొయోలాలో సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కాలేజీ చేతిలోనే ఉంటాయి. ఇది చిన్న అధికారం కాదు. ఏది నేర్పాలి, దేనికి మార్కు వేయాలి అన్నవి రెండూ పాఠం చెప్పే మనిషే నిర్ణయించగలిగినప్పుడు, ఫలితానికి జవాబు చెప్పాల్సిన బాధ్యతా ఆ మనిషి మీదే పడుతుంది. విశ్వవిద్యాలయం పేపరు కష్టంగా ఇచ్చిందని తప్పించుకునే వీలుండదు.

బోటనీ ల్యాబ్‌లో ఒక బల్ల మీద హెర్బేరియం షీట్లు కనపడ్డాయి. తెచ్చిన కొమ్మను పాత దినపత్రికల మధ్య పరిచి, ప్రెస్‌లో బిగించి, తడి పీల్చుకున్న కాగితాలు మారుస్తూ ఆరనిస్తారు. ఒక్క ఆకైనా వెనకవైపు కనపడేలా తిప్పిపెట్టాలి. ఎండాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి కాగితానికి దారంతో కుట్టి, కుడివైపు కింది మూల చీటీ అంటిస్తారు. కుటుంబం, శాస్త్రీయ నామం, ఊళ్లో పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు దాని మీద ఉంటాయి. నేను చేతిలోకి తీసుకున్న షీటు మీద ఉన్నది మడ చెట్టు కొమ్మ. కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాగాయలంక దిగువన ఉప్పునీటి బురదలో పెరిగే చెట్టు అది. అటువైపు ఊళ్లలో దాన్ని వంటచెరుకుగానూ పశువుల మేతగానూ వాడినవాళ్లున్నారు. ఆ చెట్టు అవిసీనియా జాతిదనీ, పీల్చుకున్న ఉప్పును ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి పంపేస్తుందనీ చెప్పేది ఈ ల్యాబ్. ఆ చీటీ నింపడానికి ఆకు అమరిక చూడాలి, పువ్వు విప్పాలి, పుస్తకంతో సరిపోల్చాలి, తప్పైతే చెరిపి మళ్లీ రాయాలి. డెల్టా కుర్రాడు తాను పుట్టి పెరిగిన నేలను పరిశోధకుడి కళ్లతో చూడటం మొదలుపెట్టే చోటు ఇదే. ఏ హోర్డింగు మీదా ఈ పనికి అంకె ఉండదు.

హాస్టల్ సంగతీ అంతే. స్టడీ అవర్, మెస్సు వేళలు, గేటు వేళలు, వార్డెన్ ఫాదర్ తిరిగే వేళలు బయటివారికి నిర్బంధంగా తోస్తాయి. కానీ ఇంట్లో చదువుకోడానికి విడి గదీ, అడిగి చెప్పించుకోడానికి చదువుకున్న పెద్దలూ ఉన్న పిల్లలకు స్టడీ అవర్ అదనపు సౌకర్యం. అవి లేనివారికి అదొక్కటే దిక్కు. పక్క బల్ల మీద ఎమ్మెస్సీ విద్యార్థి కూర్చుని ఉండటమే ఫస్టియర్ కుర్రాడికి సగం ట్యూషన్. పైగా 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవారికి మొదటి సెమిస్టర్ అంటే పాఠంతో పాటు భాషతోనూ కుస్తీ. ఈ ఆరు నెలల్లో చేయి పట్టుకునేవారుంటే గట్టెక్కుతారు, లేకపోతే బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతాయి. తరగతి గది బయటి జీవితాన్ని కాలక్షేపం కింద జమకట్టేవారు ఈ ఆరు నెలలను దగ్గర నుంచి చూడాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల గ్రామ శిబిరం. డిగ్రీలో భాగంగా మరో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఇంటింటికీ తిరిగి సర్వే చేసి నివేదిక రాసిన విద్యార్థికి ప్రశ్న వేయడం, విన్నది రాయడం, రాసింది నలుగురి ముందు చెప్పడం వస్తాయి. భయంతో నోరు విప్పని పిల్లలకు ఇదీ చదువే.

ఇక్కడ కార్పొరేట్ చదువును సమర్థించేవారి మాట వినాలి. రైతుబిడ్డను ఐఐటీకి, ఎంబీబీఎస్‌కు పంపింది ర్యాంకుల పోటీయే కదా, ఇలాంటి మాటలతో సీటు వస్తుందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని వేల కుటుంబాల రాత ఆ పోటీ వల్ల మారింది, దాన్ని కొట్టిపారేయలేం. పోటీ అంటే జెస్యూట్లకూ పడదని అనుకుంటే అదీ పొరపాటే. 1599లో వారు ఖరారు చేసుకున్న విద్యా ప్రణాళికలో తరగతిలో విద్యార్థుల మధ్య పోటీకి, బహుమతులకు చోటుంది. తేడా ఏమిటంటే, పాఠాన్ని తిరిగి వల్లించడం, వాదించడం, నాటకం వేయడం కూడా ఆ ప్రణాళికలో చదువు కిందే లెక్క. పోటీ వాటి మధ్య ఒకటిగా ఉంటుంది. పోటీ ఒక్కటే మిగిలినప్పుడు ర్యాంకు రానివారికి ఆ సంస్థ ఏం ఇచ్చినట్టు? వందమందిలో పదిమంది ఫోటోలు గోడకెక్కితే తొంభైమంది ఫీజు కట్టినదానికి లెక్క ఎవరు చెబుతారు? నాకు తృప్తికరమైన జవాబు ఎక్కడా దొరకలేదు.

బందరు రోడ్డు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా వరిచేల మధ్య సాగుతుంది. ఆ కొసన ఉన్న నోబుల్ కాలేజీ ఈ కథకు మొదలు. రాబర్ట్ నోబుల్ 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చి, 1843లో బందరులో ఇంగ్లిష్ బడి పెట్టాడు. 1865లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన బడి ప్రమాణాలు గట్టివి, గురువుగా ఆయన శ్రద్ధ గొప్పది. కానీ ఆ బడి పై కులాల పిల్లల కోసం పెట్టింది, అంటరానివారని పక్కన పెట్టిన కులాల పిల్లలకు అందులో చోటు లేదు. పెద్ద కులాలు ముందు చదువుకుంటే జ్ఞానం తర్వాత కిందికి దిగుతుందన్నది అప్పటి మిషనరీల్లో కొందరి నమ్మకం. దిగలేదు. మాల, మాదిగ పల్లెల్లో బళ్లు పెట్టడానికి వేరే మనుషులు, వేరే ప్రయత్నాలు కావాల్సి వచ్చాయి. గేటు దగ్గరే కొందరిని ఆపి లోపల సాధించిన విజయాన్ని నేను పూర్తి విజయంగా ఒప్పుకోలేను. మిషన్ పట్ల ఎంత గౌరవమున్నా ఈ మాట చెప్పి తీరాలి.

క్రైస్తవ కాలేజీ అనగానే వచ్చే రెండో అభ్యంతరం మతమార్పిడి. దీనికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1852లో నోబుల్ శిష్యులు అయినాల భూషణం, మంచాల రత్నం బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరు అట్టుడికింది, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో బడి దాదాపు ఖాళీ అయింది. అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. పిల్లలు మళ్లీ వచ్చారు. బ్రహ్మసమాజికుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు, కాలేజీగా ఎదిగిన ఆ బడిలోనే పాఠాలు చెప్పారు. ఆయన శిష్యుడు ముట్నూరి కృష్ణారావు కృష్ణాపత్రికకు సంపాదకుడయ్యారు. అక్కడే చదివిన పట్టాభి సీతారామయ్య, ముట్నూరి, కోపల్లె హనుమంతరావు కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. మిషన్ కాలేజీ చదువు, మిషన్ చదువుకు ప్రత్యామ్నాయం కట్టగల మనుషులను తయారుచేసింది. చదువు చెప్పినవారి ఉద్దేశం ఒకటైనా, చదువుకున్నవారు దాన్ని తమ దారికి తిప్పుకున్నారు. ఒక విద్యాసంస్థకు ఇంతకన్నా పెద్ద కితాబు నాకు తోచదు.

ఇప్పటి సమస్య వేరు. డెల్టాలో క్రైస్తవుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవారే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ–సీ, రిజర్వేషన్లలో వారి వాటా 1 శాతం. ఈ షరతు తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసినా ఉత్తర్వు మారలేదు. పల్లెలో వివక్ష అదే, కాగితం మీద కులం మాత్రం వేరు. ఈ పిల్లలకు మైనారిటీ కాలేజీలో సీటు, ఎయిడెడ్ కోర్సులో తక్కువ ఫీజు ప్రాణావసరాలు. సొంత విద్యాసంస్థలు నడుపుకోడానికి రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు ఇచ్చిన హక్కుకు అర్థం ఇలాంటి చోటే ఉంది. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ కాలేజీలను తనలో విలీనం చేసుకోబోయినప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు రాష్ట్రమంతా రోడ్డెక్కారు. చివరికి అది ఐచ్ఛికమేనని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఎయిడ్ కింద ఉన్న అధ్యాపకులు రిటైరవుతుంటే ఆ ఖాళీలు ఎయిడెడ్ పోస్టులుగా నిండకపోతే, కోర్సులు ఒక్కొక్కటే సొంత ఫీజుల మీద నడిచే సెక్షన్లుగా మారిపోతాయి. బోర్డు మీద పేరు అదే ఉంటుంది, లోపలికి వచ్చే పిల్లలు మారిపోతారు.

ఆడపిల్లల విషయంలోనూ ఆలస్యం జరిగింది. లొయోలా చాలాకాలం మగపిల్లల కాలేజీగానే నడిచింది. ఆ లోటును 1962లో సిస్టర్లు స్థాపించిన మారిస్ స్టెల్లా కొంత తీర్చింది. సిస్టర్లు నడిపే హాస్టల్ అంటే చాలు, పై ఊళ్ల తల్లిదండ్రులు అమ్మాయిని ఊరు దాటించడానికి ఒప్పుకునేవారు. గేటు నిబంధనలు అమ్మాయిలకు ఎక్కువ బిగువుగా ఉంటాయన్న ఫిర్యాదు నిజమే, దాన్ని సడలించాల్సిందే. అయితే ఆ గేటును నమ్మే ఎన్నో ఇళ్లు ఆడపిల్లల డిగ్రీకి ఒప్పుకున్నాయన్నదీ అంతే నిజం.

కాబట్టి ఈ కళాశాలల యాజమాన్యాలను నేను అడిగేది ఒకటుంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ మూల్యాంకనంలో నెమ్మదిగా నేర్చుకునే విద్యార్థుల కోసం ఏం చేశారన్న ప్రశ్న ఇప్పటికే ఉంది, దానికి జవాబుగా కాలేజీలు వివరాలు సమర్పిస్తూనే ఉన్నాయి. ఆ వివరాలను ఫైళ్లలో ఉంచకుండా వార్షికోత్సవ నివేదికలో గోల్డ్ మెడల్ జాబితా పక్కనే అచ్చు వేయాలి. ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చినవారెందరు, తెలుగు మీడియం నుంచి చేరినవారెందరు, బీసీ–సీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులెందరు, వారిలో మూడేళ్లలో అన్ని పేపర్లూ గట్టెక్కినవారెందరు, మధ్యలో మానేసినవారు ఏ సెమిస్టర్‌లో మానేశారు. ఈ ఐదు వరసలు నింపడానికి కావలసిన సమాచారమంతా అడ్మిషన్ రిజిస్టర్లోనూ పరీక్షల విభాగంలోనూ ఉంది.