ఒలింపిక్ పార్కు, అట్లాంటా గాలి

అట్లాంటాకి చుట్టాలొస్తే మనం తిప్పే చోట్లు దాదాపు అవే: అక్వేరియం, కోకాకోలా వరల్డ్, వాటి పక్కనే సెంటెన్నియల్ ఒలింపిక్ పార్కు. 1996 ఒలింపిక్స్ కోసం కట్టిన పార్కది. అయిదు వలయాల ఫౌంటెన్‌లో పిల్లలు తడుస్తుంటే, పెద్దవాళ్ళు నేలమీది ఇటుకల మీద చెక్కిన పేర్లు చదువుకుంటారు.

ఆ ఆటలప్పుడు ఈ ఊరి గాలి మీద జరిగిన పరిశోధన సంగతి చాలామందికి తెలియదు.

ఆ 17 రోజులూ ట్రాఫిక్ భయంతో డౌన్‌టౌన్‌లోకి సొంత కార్లు రానివ్వలేదు. రైళ్ళు, బస్సులు రాత్రింబవళ్ళు నడిచాయి. వెయ్యి బస్సులు అదనంగా తెప్పించారు. ఆఫీసులు పనివేళలు మార్చుకున్నాయి. సీడీసీ శాస్త్రవేత్తలు ఆ రోజుల్ని ముందువెనకల నాలుగేసి వారాలతో పోల్చి, 2001లో ఫలితాలు ప్రచురించారు. పొద్దుటి రద్దీ 22.5 శాతం, గరిష్ఠ ఓజోన్ దాదాపు 28 శాతం తగ్గాయి. మెడికెయిడ్ లెక్కల ప్రకారం, ఆస్తమాతో అత్యవసర వైద్యానికి వచ్చిన పిల్లలు రోజుకి 4.23 నుంచి 2.47కి తగ్గారు. అంటే సుమారు 42 శాతం!

ఆకాశంలో పైనున్న ఓజోన్ మనకి గొడుగు. కార్ల పొగకి ఎండ తోడై నేల దగ్గర పుట్టే ఓజోన్ మాత్రం ఊపిరితిత్తులకి మంట. మా బాబుకి ఆస్తమా. వేసవిలో ఇన్హేలర్ లేకుండా గడప దాటం. అందుకే ఆ 42 శాతాన్ని నమ్మెయ్యాలని నాకెంత ఆశో!

కానీ 2010లో మరో బృందం ఇంకా ఎక్కువ ఆసుపత్రి రికార్డులు తిరగేసింది. అదే సమయంలో ఒలింపిక్స్ లేని చుట్టుపక్కల నగరాల్లోనూ ఓజోన్ తగ్గిందట. కాబట్టి వాతావరణం పాత్రే ఎక్కువ కావచ్చు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళు తగ్గారనడానికీ గట్టి ఆధారం దొరకలేదు. ముందూ వెనకా చూస్తే చాలదు, పక్క ఊరినీ చూడాలన్నమాట. డిగ్రీ ల్యాబ్‌లో ప్రతి ప్రయోగానికీ 'కంట్రోల్' ఎందుకు పెట్టించేవారో ఇలాంటప్పుడే బోధపడుతుంది.

అంతమాత్రాన ఓజోన్ మంచిదైపోదు. ఆస్తమాని అది రేపుతుందన్న మాటలో సందేహం లేదు. కార్లు తగ్గితే ఎంత మేలన్న లెక్క తేల్చడమే కష్టం.

జూలైలో మీరీ పార్కుకి వస్తే పొద్దున్నే రండి. ఓజోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. బయల్దేరేముందు ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ చూసుకోండి. వీలైతే కారు స్టేషన్‌లో వదిలి మార్టా రైలెక్కండి. పిల్లలకి అదొక సరదా కూడా.